పాత చెక్కుడు సామాను: బాగుచేయించడమా, మార్చడమా?

నగల వర్తకులు వేసుకోవలసిన లెక్క - తరుగు, మజూరీ, పనివాని చేయి

బంగారం ధర రోజుకొక తీరుగా కదులుతున్నా, నగల దుకాణం వెనుక గదిలో చెక్కుడు పని బల్ల మీది సరంజామా మాత్రం ఏళ్ల తరబడి మారదు. పిడులు అరిగిన పది పన్నెండు ఉలులు, లక్క పోసిన చెక్క దిమ్మె, సానరాయి, భూతద్దం, నగను బిగించి తిప్పేందుకు ఒక బంతి వైస్, మూలన దుమ్ము పట్టిన పాంటోగ్రాఫ్ యంత్రం - అనేక దుకాణాలలో ఉన్న ఆస్తి ఇంతే. దీనిని బాగుచేయించి వాడుకోవాలా, గాలి పీడనంతో నడిచే పనిముట్టును జోడించాలా, మొత్తం తీసివేసి లేజర్ యంత్రం పెట్టాలా అన్న ప్రశ్న నేడు ప్రొద్దుటూరు బంగారం అంగళ్ల నుంచి సికింద్రాబాద్ పాట్ మార్కెట్ వరకు నగల వర్తకులకు ఎదురయ్యేదే.

యంత్రం అమ్మేవారు చెక్కి చూపించే నమూనా బిళ్లను చూసి ఈ ప్రశ్న తేల్చుకుంటే పొరపాటు జరుగుతుంది. నమూనా బిళ్ల కొత్తది, చదునైనది, ఒకే మందం గలది. దుకాణానికి వచ్చే సరకు అలా ఉండదు. ఒకటి సొట్టపడిన వెండి కంచం, ఒకటి అరిగిపోయిన వంకీ, మరొకటి లోపలి వైపు పేరు కావలసిన ఉంగరం. కాబట్టి ఏ రకం పని ఎంత వస్తున్నది, అందులో లోహం ఎంత పోతున్నది, పనివాని సమయం ఎక్కడ ఖర్చవుతున్నది అన్న మూడు సంగతులు తెలిసిన తరువాతనే కొనుగోలు గురించి ఆలోచించడం శ్రేయస్కరం.

ముందు పని పద్దు

ఏదైనా కొనే ముందు కనీసం రెండు నెలల పాటు చెక్కుడు పనులకు వేరే పద్దు రాయించడం మంచిది. అందులో ఒకటి పెళ్లిళ్ల నెలగా ఉండాలి. మూఢం రోజులు, ఆషాఢం మాత్రమే చూసి వేసిన లెక్క తప్పుతుంది. ప్రతి పనికీ రకం, లోహం, పట్టిన సమయం, వచ్చిన మజూరీ, తరుగు రాస్తే చాలును.

ఈ పనులు స్థూలంగా నాలుగు రకాలు. మొదటిది పేర్లు, తేదీలు వేయడం - ఉంగరాల లోపల, వెండి కంచాలు, గ్లాసుల మీద, కానుకగా ఇచ్చే సామాను మీద. రెండవది గాజులు, వంకీలు, కుంకుమ భరిణెలు వంటి వాటి మీద కొత్తగా లత, పువ్వు, గీత నగిషీ చెక్కడం. మూడవది అరిగిపోయిన పాత నగిషీని తిరిగి తీర్చడం. నాల్గవది రాళ్లు పొదిగేటప్పుడు లోహాన్ని ఉలితో లేపి రాయి మీదికి నొక్కి బిగించడం. ఇది చెక్కుడు కింద లెక్కకు రాకపోయినా, వాడేది మాత్రం అదే ఉలి.

పద్దులో మొదటి రకం పనే సింహభాగమైతే యంత్రం వైపు మొగ్గవచ్చును. రెండు, మూడు, నాలుగు రకాలు ఎక్కువగా ఉన్న దుకాణంలో ఉలి సామానును తీసివేయడం నష్టానికి దారి తీస్తుంది.

యంత్రం ఎక్కడ నెగ్గుతుంది?

తెలుగు ఇళ్లలో గిన్నెల మీద పేర్లు కొట్టించడం పాత అలవాటు. పాత్రల కొట్టులో కరెంటుతో టకటక కొట్టుకునే పెన్నుతో గిన్నె అంచున ఇంటివారి పేరు, పెళ్లి తేదీ వేసి ఇస్తారు. అది చుక్కల వరుస మాత్రమే. స్టీలు గిన్నెకు అది చాలును గాని, వెండి సామాను కొనేవారు అంతకన్నా నీటైన అక్షరం కోరుతున్నారు. ఇత్తడి అక్షరాల పలకను అనుసరించి గీసే పాంటోగ్రాఫ్ ఆ అవసరాన్ని చాలా కాలం తీర్చింది. అయితే పలకలో ఉన్న అక్షరాలే అది వేయగలదు. తెలుగు గుణింతాలు, వత్తులు అన్నిటికీ పలకలు సమకూర్చుకోవడం కష్టం.

ఈ పనిలో ఫైబర్ లేజర్‌కు పోటీ లేదు. కంప్యూటరులో ఉన్న ఏ అక్షరాన్నయినా, ముద్రనైనా ఒకే తీరుగా ఎన్నిసార్లయినా వేస్తుంది. బంగారు నగల మీద హాల్‌మార్క్ విషయంలో వర్తకులకు ఇది అనుభవమే. 2021 జూన్ 16న 256 జిల్లాలలో హాల్‌మార్క్ తప్పనిసరి అయింది. అదే సంవత్సరం జూలై 1 నుంచి ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ అమలులోకి వచ్చింది. కొందరు వర్తకుల పాత నిల్వలకు ఇచ్చిన గడువు మినహా, 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ సంఖ్య లేకుండా హాల్‌మార్క్ నగలు అమ్మరాదన్న నిబంధన వచ్చింది. కంటికి ఆనని అంత చిన్న అక్షరాలను హాల్‌మార్కింగ్ కేంద్రాలలో వేస్తున్నది లేజరే.

అయితే కొనే ముందు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. సాధారణ ఫైబర్ లేజర్ కాంతి తరంగ దైర్ఘ్యం 1,064 నానోమీటర్లు. ఆ కాంతిలో అధిక భాగాన్ని బంగారం, వెండి తిరగగొడతాయి. అందుచేత స్టీలు మీద చక్కగా పని చేసే తక్కువ శక్తి యంత్రం వెండి కంచం మీద వెలవెలబోవచ్చు. యంత్రం చూడబోయే వర్తకుడు తన దుకాణంలోని వెండి, బంగారం ముక్కలనే పట్టుకుపోయి, తనకు కావలసిన లోతుకు చెక్కించి, పట్టిన సమయాన్ని గడియారం పెట్టి చూసుకోవాలి. పొగ లాగే గొట్టం, కళ్లకు ఆ తరంగ దైర్ఘ్యానికి తగిన రక్షణ అద్దాలు యంత్రంతో పాటు ఖర్చులో చేర్చాలి. ఇవి లేకుండా పని చేయించడం పనివాని కంటికే ముప్పు.

ఉలి ఎక్కడ నెగ్గుతుంది?

ఉలితో చెక్కిన గీత ఎందుకు మెరుస్తుందో నగల వ్యాపారంలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. మొనను అద్దంలా మెరుగుపెడితే, అది కోసిన గాడి రెండు వైపులూ అద్దాల్లా తయారవుతాయి. నగ కదిలినప్పుడల్లా గీత మీద వెలుగు పరుగెడుతుంది. లేజర్ లోహాన్ని కోయదు, కాల్చి ఆవిరి చేస్తుంది. ఆ గాడి అడుగు గరుకుగా, మసకగా ఉంటుంది. దాని అక్షరం స్పష్టంగా కనిపిస్తుంది గాని, గీత మెరవదు.

ఒకే రకం గాజులు వందల సంఖ్యలో తయారు చేసేవారికి సీఎన్‌సీ గాజుల యంత్రం మెరిసే కోతనే ఇస్తుంది. ఆ యంత్రంలో కోసేది వజ్రపు మొన కావడమే అందుకు కారణం. కాని ఆ యంత్రానికి ఒకే కొలత గల సరకు, ఒకే డిజైను, నిండుగా ఆర్డర్లు కావాలి. అది కార్ఖానా లెక్క. రోజుకు పది రకాల పనులు వచ్చే దుకాణానికి సరిపడదు.

పోతే, పాత నగల సంగతి. అమ్మమ్మ కాలం నాటి వంకీని తిరిగి తీర్చమని తెచ్చిన ఆసామికి కావలసింది కొత్త డిజైను కాదు. అరిగి మాసిపోయిన ఆ గీతనే మళ్లీ పైకి తేవాలి. లోహం ఒకచోట మందంగా, ఒకచోట రేకులా పలచగా ఉంటుంది. ఎక్కడ లోతు తగ్గించాలో, ఎక్కడ ఆపాలో పనివాని వేలికి తెలుస్తుంది. యంత్రానికి ముందుగా ఒకే లోతు చెబుతారు. పలచని చోట రంధ్రం పడితే ఆ నగకు బదులుగా ఎంత బంగారం తూచి ఇచ్చినా ఖాతాదారుని తృప్తిపరచడం సాధ్యం కాదు.

పూత సరకు విషయంలో మరొక జాగ్రత్త అవసరం. మచిలీపట్నం చిలకలపూడి రోల్డ్ గోల్డు వంటి నగల మీద పైపొర పలచన. తయారైన నగ మీద ఉలి పెట్టినా, లేజర్ పెట్టినా లోపలి రాగి బయట పడుతుంది. అక్కడ నగిషీ అంతా ముందుగా అచ్చులో ఉండవలసిందే. కాబట్టి ఆ రకం వ్యాపారులకు చెక్కుడు సామాను అంటే అచ్చులు చెక్కే సామాను అనే అర్థం.

తరుగు లెక్క

చెక్కుడు అంటే లోహాన్ని తీసివేయడమే. అది ఎంతన్నది లెక్కకు అందే విషయం. మొన కోణం 120 డిగ్రీలున్న ఉలితో 0.2 మిల్లీమీటర్ల లోతున ఒక మీటరు పొడవు గీత తీస్తే, 22 క్యారెట్ల బంగారంలో సుమారు 1.2 గ్రాములు బయటికి వస్తుంది. లోతు సగానికి, అంటే 0.1 మిల్లీమీటరుకు తగ్గిస్తే పోయే లోహం సగం కాదు, నాలుగో వంతు - సుమారు 0.3 గ్రాములు. 0.2 మిల్లీమీటర్ల లోతులోనే 90 డిగ్రీల మొన వాడితే సుమారు 0.7 గ్రాములు. అందుచేత ఏ పనికి ఏ మొన వాడుతున్నారన్నది పనివాని ఇష్టానికి మాత్రమే సంబంధించిన విషయంగా యజమాని భావించరాదు.

2-4 సైజు గాజు లోపలి చుట్టుకొలత సుమారు 18 సెంటీమీటర్లు. దాని చుట్టూ పది వరుసల గీత తీస్తే మొత్తం పొడవు 1.8 మీటర్లు. 120 డిగ్రీల మొనతో 0.2 మిల్లీమీటర్ల లోతుకు ఒక్కొక్క గాజు నుంచి 2.2 గ్రాముల వరకు రజను వస్తుంది. ఉంగరం లోపల పేరు వేస్తే పోయేది మిల్లీగ్రాములలోనే ఉంటుంది, దాని గురించి బెంగ అవసరం లేదు.

ఈ లోహం ఎక్కడికి పోతున్నదన్నదే అసలు సంగతి. ఉలి తీసిన రజను చుట్టలు చుట్టుకుని బల్ల మీద, ఒళ్లోని తోలు మీద పడుతుంది. సాయంత్రం తూచుకోవచ్చు, మూసలో వేసి కరిగించుకోవచ్చు. లేజర్ తీసిన లోహం సన్నని ధూళిగా మారి పొగతో పాటు పోతుంది. కొంత యంత్రం గోడల మీద, మిగిలినది పొగ లాగే పరికరం జల్లెడలో పేరుకుంటుంది. కంసాలి కొట్ల మట్టి కొని, కడిగి బంగారం తీసుకునేవారు తరతరాలుగా ఉన్నారంటే ధూళి విలువ ఏమిటో తెలుస్తున్నది. లేజర్‌తో బంగారం మీద లోతు చెక్కుడు చేయించే దుకాణం పాత జల్లెడలను చెత్తలో పారవేయకుండా శుద్ధి చేసేవారికి ఇచ్చి లెక్క చూసుకోవాలి. ఆ ఏర్పాటు లేనిచోట యంత్రం పనిని పైపై గుర్తులకు పరిమితం చేయడం మేలు.

పాత సామానుకు పరీక్ష

సామాను పాతదైనంత మాత్రాన పనికిరానిది కాదు. ఒక పూట కేటాయించి పనివానితో కలిసి కూర్చుంటే ఏది ఉంచాలో తెలిసిపోతుంది.

ఉలులు: మొనను బొటనవేలి గోరు మీద తేలికగా ఆనించి కదిపితే, పదునైనది గోరును పట్టుకుని ఆగుతుంది. మొద్దుబారినది జారుతుంది. వెలుతురులో మొన చివర సన్నని మెరుపు చుక్క కనిపించినా అది మొద్దుబారినట్లే లెక్క. వేగంగా తిరిగే పొడి సానచక్రం మీద పట్టి నీలం రంగు తిరిగిన పాత కార్బన్ ఉక్కు మొనకు పదును నిలవదు. ఆ నీలం భాగాన్ని తీసివేసి, చల్లబరుస్తూ మళ్లీ మొన పెట్టాలి. బంగారం, వెండి పనికి హైస్పీడ్ స్టీలు ఉలులు చాలును. కార్బైడ్ మొన గట్టి ఉక్కు మీద ఎక్కువ కాలం నిలుస్తుంది గాని పెళుసు, చిన్న దెబ్బకే చివర విరుగుతుంది.

బంతి వైస్: నగను బిగించి చుట్టూ నెమ్మదిగా తిప్పి చూడాలి. ఎక్కడైనా ఆగి ఆగి తిరిగితే లోపల బేరింగుకు శుభ్రం, గ్రీజు కావాలి. పక్కకు ఊగితే బేరింగు మార్చాలి. దవడలు ఒకదానికొకటి సమంగా ఆనకపోతే నగ జారుతుంది. దిమ్మె బాగుండి లోపల బేరింగే పాడైతే కొత్తది కొనవలసిన పని లేదు.

పాంటోగ్రాఫ్: చేతుల కీళ్ల దగ్గర వదులు ఉంటే అక్షరం గుండ్రం తప్పుతుంది. కీళ్లు బిగించి, మొన మార్చి ఒక గుండ్రని అక్షరం వేయించి చూడాలి. అప్పటికీ తప్పితే ఆ యంత్రం వంతు అయిపోయినట్లే. మొదట మార్చవలసిన వస్తువు చాలా చోట్ల ఇదే.

పాత గాలి యంత్రం: రబ్బరు గొట్టాలు, సీళ్లు, కాలి పెడల్ అరిగేవి, లోపలి ఉక్కు భాగాలు చాలా కాలం మన్నేవి. విడిభాగాలు దొరుకుతాయా, కొత్త చేతిపిడి పాత పెట్టెకు అమరుతుందా అని తయారీదారు నుంచి రాతపూర్వకంగా తెలుసుకున్న తరువాతనే అమ్మకానికి పెట్టడం వివేకం.

ఖర్చు ఏ వరుసలో?

కొత్త సామానుకు డబ్బు కేటాయించే యజమాని చూపు సాధారణంగా ఖరీదైన యంత్రం మీద పడుతుంది. చెక్కుడు బల్ల దగ్గర ఫలితం ఇందుకు తలకిందులుగా ఉంటుంది.

మొదటి ఖర్చు సాన మీద పెట్టాలి. చేతి అంచనాతో సాన పట్టిన మొన ప్రతిసారీ ఒకే కోణంలో రాదు. ఉలి ముఖం 45 డిగ్రీలు, మడమ 15 నుంచి 20 డిగ్రీలు ఉంటే మెత్తని లోహాల మీద బాగా నడుస్తుంది. గట్టి ఉక్కుకు ముఖం కోణం మరికొంత నిటారు చేయాలి. కోణం పట్టే చిన్న బిగింపు, వజ్రపు పొడి అద్దిన పలకలు రెండు మూడు నునుపుల్లో ఉంటే, ఇదివరకు చాలా సేపు పట్టిన పదును నిమిషాల్లో అవుతుంది. ఉలి జారి నగ మీద పడే గీతల్లో చాలా వాటికి కారణం మొద్దుబారిన మొనే.

రెండవది చూపు. నలభై దాటిన పనివానికి పాత భూతద్దం చాలదు. మంచి వెలుతురు, స్టీరియో మైక్రోస్కోపు పెడితే గీత చివర స్పష్టంగా కనపడడమే గాక, మెడ వంచి కూర్చోవలసిన అవసరం తగ్గుతుంది. మూడవది పట్టు, అంటే వైస్. నాల్గవది మాత్రమే గాలి పనిముట్టు.

గాలి పనిముట్టు లోపల చిన్న ముషలకం నిమిషానికి వందల నుంచి వేల సార్లు ఉలి వెనుక కొడుతుంది. బలం యంత్రానిది, దారి చూపడం మాత్రమే చేతిది. అమెరికాలో ఇవి 1970ల నాటికే వాడుకలోకి వచ్చాయి. కాన్సాస్ రాష్ట్రం ఎంపోరియాలోని జీఆర్‌ఎస్ ఈ రంగంలో పేరున్న సంస్థ. 22 క్యారెట్ల బంగారం, వెండి మెత్తనివి కనుక వాటి మీద చేతి నెట్టుడు పనికి దీనివల్ల కలిగే లాభం మితం. 18 క్యారెట్ల సరకు, ఉక్కు అచ్చులు, రాళ్ల పొదుగుడు ఎక్కువగా ఉన్నచోట లాభం స్పష్టంగా కనపడుతుంది. మణికట్టు మీద భారం తగ్గుతుంది, ఉలి జారడం తగ్గుతుంది. కంప్రెసర్ శబ్దం, గాలిలోని తేమను ఆపే ఫిల్టరు, కరెంటు పోయినప్పటి ఏర్పాటు ముందే చూసుకోవాలి. గీత గీయడం రానివానికి ఏ గాలీ గీత నేర్పదన్న సంగతి కూడా మరువరాదు.

పెట్టుబడి తిరిగి వచ్చే కాలం

లెక్క ఎలా వేయాలో చూపడానికి ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకోవచ్చును. అసలు ధరలు వర్తకుడు తెప్పించుకున్న కొటేషన్లను బట్టి వేసుకోవాలి. గాలి పనిముట్టు, కంప్రెసర్ కలిపి రూ. 1,50,000 అనుకుందాం. అది రోజుకు ఒక గంట మిగిల్చి, ఆ గంటకు రూ. 250 మజూరీ వస్తుందనుకుందాం. నెలకు 25 పని దినాలకు రూ. 6,250. పెట్టుబడి రెండేళ్లకు తిరిగి వస్తుంది. అయితే ఆ మిగిలిన గంటకు పని సగం రోజులే ఉంటే కాలం నాలుగేళ్లకు పెరుగుతుంది. మరోవైపు రూ. 15,000 అయిన సాన సామాను రోజుకు అరగంటే మిగిల్చినా నెలకు రూ. 3,125 వస్తుంది. అసలు ఐదు నెలల్లోపే చేతికి వస్తుంది.

లేజర్ విషయంలోనూ ఇదే సూత్రం. నెలకు నాలుగు పేర్లు వేసే దుకాణం యంత్రం కొనడం కన్నా, ఊళ్లో యంత్రం ఉన్నవారికి పని ఇచ్చి చేయించుకోవడం లాభం. రోజుకు ఇరవై వస్తే సొంత యంత్రం గిట్టుబాటు అవుతుంది. వడ్డీ, మరమ్మతు, యంత్రం మీద కట్టిన జీఎస్టీకి తిరిగి వచ్చే జమ వంటివి గుమస్తాతో వేయించుకున్న తరువాతనే సంతకం చేయాలి.

పనివాని మాట

ఈ లెక్కలన్నిటిలోనూ కొటేషన్లలో కనపడని పద్దు ఒకటి ఉన్నది. అది పనివాడు. యంత్రం వచ్చిందన్న ధైర్యంతో చెక్కుడు పనివానిని వదులుకున్న దుకాణానికి, మళ్లీ పాత నగ తీర్చవలసి వచ్చినప్పుడు ఆ చేయి దొరకదు. లేజర్ నడపడం కొద్ది రోజుల్లో వస్తుంది. మెరిసే గీత తీయడానికి సంవత్సరాల సాధన కావాలి. అదే సమయంలో, సెంటిమెంటు పేరుతో మొద్దుబారిన సామాను, మసక వెలుతురు కింద పనివానిని కూర్చోబెట్టడం అతని కంటినీ చేతినీ ముందుగానే అరగదీయడమే అవుతుంది. అటువంటి బల్ల దగ్గరికి అతని కొడుకు కూడా రాడు.

సొంతంగా పని చేసుకునే స్వర్ణకారులకు కొంత తోడ్పాటు ఉన్నది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో స్వర్ణకారం ఒకటి. శిక్షణతో పాటు పనిముట్లకు రూ. 15,000 వరకు, రెండు విడతలలో మొత్తం రూ. 3 లక్షల వరకు 5 శాతం వడ్డీకి రుణం ఆ పథకంలో ఉన్నాయి. దుకాణానికి మజూరీ పని చేసి ఇచ్చే స్వర్ణకారునికి అర్హత ఉన్నదేమో కనుక్కుని, కాగితాలు నింపడంలో యజమాని సాయం చేస్తే ఇద్దరికీ లాభమే. సాన సామాను, వైస్ అతని సొంతమవుతాయి, దుకాణానికి నీటైన పని అందుతుంది.

మొత్తం మీద చూస్తే, పేర్లు, గుర్తులు నిండుగా వచ్చే దుకాణంలో పాత పాంటోగ్రాఫ్ స్థానంలో లేజర్ పెట్టడం సబబే. నగిషీ, పాత నగల తీర్పు, రాళ్ల పొదుగుడు నడిచే దుకాణంలో ఉలుల పెట్టెను అలాగే ఉంచి సాన, చూపు, పట్టు బాగుచేయించాలి. గట్టి లోహం పని ఉంటే ఆపై గాలి పనిముట్టు చేర్చాలి. రెండు రకాల పనీ ఉన్నచోట రెండూ ఉండవచ్చు. పాత ఉలులను తుక్కు కింద తూచి అమ్మితే వచ్చేది అతి స్వల్పం. ఏళ్ల తరబడి ఒకే చేతికి అలవాటైన పిడి మళ్లీ కావాలంటే బజారులో దొరకదు గనుక, అమ్మేముందు దానిని పట్టుకునే మనిషిని ఒకసారి అడగడం మంచిది.